అర్ధాంగీకారం

“ఒక్కరు కూడా వద్దనలేదా అండి?” అమ్మిరాజు మళ్లీ అడిగారు.

“లేదండి, రాజుగారూ,” అన్నాడు నిరంజన్, ప్లేటులోని పూతరేకు కేసి చూస్తూ. కాకినాడలో బట్టల కొట్టు నడుపుకునే అతనికి ఫోన్లో తెలుగు రాయడం వచ్చిందంటే, ఈయన చేసి అందరికీ ఊరికే పంచిన కీబోర్డు చలవే. ఇప్పుడు ఆ కీబోర్డు వాలంటీర్ల కౌన్సిల్‌కి అతనే చైర్మన్. దాని మీద ఈయనకున్న హక్కు తీసేశామని చెప్పడానికే ఆత్రేయపురం దాకా వచ్చాడు. సిగ్గుతో తలెత్తలేకపోతున్నాడు.

“దాత పేరు కీబోర్డులో కనపడాలన్నారు. పెట్టనన్నాను. సైటు మీది, చందాలు మీవి, సరే. నేను రాసే ప్రోగ్రాం మీద కూడా కౌన్సిల్ పెత్తనమేనా అండి?”

“రూలు అలా ఉందండి. ప్రతిపాదన కౌన్సిల్ మెయిల్లో పెట్టాలి. వారంలో ఎవరూ కాదనకపోతే ఒప్పుకున్నట్టే.”

మౌనం అర్ధాంగీకారమన్నారు పెద్దలు. ఈ కౌన్సిల్ దాన్ని పూర్తి అంగీకారం చేసేసింది. మీటింగులోనూ చైర్మన్ మొహం మీద ఎవరూ ఏమీ అనలేదు. “రాసి పెట్టండి, చూద్దాం” అన్నారంతే. దాతకు మాటిచ్చేసిన నిరంజన్ ఆ సాయంత్రమే యానాం బస్సులో, సిగ్నల్ వస్తూ పోతూ ఉంటే, మెయిల్లో నాలుగు ముక్కలు రాసి పంపే బటన్ నొక్కాడు. ఎవరైనా కాదంటే బాగుండునని లోలోపల అతనికీ ఉంది. వారమంతా చూసినా ఒక్క జవాబూ రాలేదు.

“మా సారిక?” అమ్మిరాజు గొంతు తగ్గింది. “ఈ పని దానికి చెయ్యి పట్టుకుని నేర్పానండి. అదీ కౌన్సిల్లో ఉందిగా.”

“సారిక కూడా ఏమీ అనలేదండి.”

ఆయన లాప్‌టాప్ తెరిచి, కీబోర్డును నిరంజన్ పేరుకు మార్చి, తన పేరు చెరిపేశారు.

“హక్కు పోతే పోయిందండి. ఆ పిల్ల కూడా నోరు మెదపలేదు చూశారా? ఇంక ఆ కౌన్సిల్ గడప తొక్కను.”

వెళ్లొస్తానని చెప్పడానికి కూడా మొహం చెల్లక నిరంజన్ వీధిలోకి వచ్చేశాడు. బండి తీయబోతుంటే ఫోన్ మోగింది. సారిక.

“చైర్మన్ గారూ, ఆ మెయిల్ ఇంకా పెట్టలేదేంటండీ, వద్దందామని అందరం కాచుక్కూర్చున్నాం!”