ఫిరంగి ఎక్కిన పెద్దాయన

ఫిరంగి మీద ఎవరో గుర్రమెక్కినట్టు కూర్చుని కాళ్లూపుతున్నారు.

దగ్గరికెళ్లి చూస్తే పిల్లాడు కాదు. అరవై దాటిన పెద్దమనిషి.

సోషల్ టీచర్‌కి ఒళ్లు మండింది. అసలే ఆవిడ కంగారులో ఉంది. పోయినేడు వాళ్ల స్కూలు పిల్లలు ఈ కోట పార్కుకొచ్చి, బురుజు మీది గంటని చేతులు నొప్పెట్టేదాకా మోగించారు. అది ప్రమాదం వస్తే కొట్టే గంట. క్షణాల్లో పార్కంతా ఖాళీ అయిపోయింది, ఫైరింజన్ కూడా వచ్చింది. ఆ మర్నాటి నుంచి ఆ స్కూలుకి గేటు మూసేశారు.

ఈ ఏడు ఏడో తరగతి వాళ్లు ఆవిడ ప్రాణం తోడేస్తున్నారు. వాళ్ల ముఖాలు చూడలేక, ఎలాగైనా తీసుకెళ్తానని మాటిచ్చేసింది. హెడ్‌మాస్టరు మాత్రం, ముందు మీరొక్కరే వెళ్లి అన్నీ చూసుకుని, అక్కడి స్కూలు ట్రిప్పుల ఆఫీసరుగారి చేత సరే అనిపించుకు రండి, ఆయన కాదంటే ఇక నా దగ్గర ఈ ఊసెత్తకండి అన్నాడు.

ఆఫీసులో అడిగితే, సారు లోపలే తిరుగుతుంటారు, మీరు చూస్తూ ఉండండి, ఆయనే కలుస్తారని గుమాస్తా చెప్పాడు. ఆయన ఏ మలుపులో ఎదురుపడతాడో తెలియక ఆవిడ గేటు దాటినప్పటి నుంచీ నవ్వు ముఖం పెట్టుకునే నడుస్తోంది. దవడలు లాగేస్తున్నాయి.

"దిగండి. అది ఎక్కి కూర్చునేది కాదు" అంది.

పెద్దాయన బుద్ధిగా దిగాడు. దిగి ఊరుకోకుండా ఆవిడ వెనకే బయల్దేరాడు.

"టీచర్, ఇది పేలిస్తే గుండు ఎంత దూరం వెళ్తుంది?"

మెళ్లో విజిల్ చూసి పోల్చుకున్నట్టున్నాడు. ఏమీ తోచని మనిషికి కాలక్షేపం దొరికింది కాబోలు అనుకుని, ఆవిడ ఆ కోట ఎవరు కట్టించారో, ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్లిందో వివరంగా చెప్పింది.

ఆయన నోరంతా తెరిచి ఆవులించాడు.

"అది కాదు టీచర్. ఎంత దూరం వెళ్తుందని."

ఆవిడకి తెలియదు. "అది సిలబస్‌లో లేదు" అంది.

గుర్రపుశాల దగ్గర దాహమన్నాడు. ఆవిడ సీసా ఇస్తే గటగటా ఖాళీ చేసేశాడు. చుట్టుపక్కల ఎక్కడా కుళాయి లేదు. పిల్లల్ని ఇక్కడికి తెచ్చేముందే నీళ్లు తాగించాలని ఆవిడ మనసులో అనుకుంది.

రాణివాసం మెట్లెక్కుతూ కాళ్లు లాగేస్తున్నాయన్నాడు. పైకెక్కాక టాయిలెట్ ఎక్కడన్నాడు. అది కింద, గేటు పక్కనే ఉండిపోయింది. ఆయన వెళ్లొచ్చేదాకా ఆవిడ అక్కడే నిలబడింది. ఎందుకు నిలబడిందో ఆవిడకే తెలియదు. వెంట వచ్చినవాళ్లని వదిలేసి ముందుకెళ్లే అలవాటు లేదు మరి.

పాడుబడ్డ బావిలోకి తొంగిచూసి ఆయన "ఓయ్" అని అరిచాడు. బావి కూడా "ఓయ్" అంది. ఆవిడకీ ఒక్కసారి అరవాలనిపించింది. ఆఫీసరు ఎక్కడినుంచైనా చూస్తాడేమోనని ఊరుకుంది.

చుట్టూ తిరిగి ఆఫీసు ముందున్న పెద్ద ముంగిట్లోకి వచ్చేసరికి ఆవిడ ఓపిక అడుగంటింది. ఆయన మాత్రం అప్పుడే నిద్రలేచినంత హుషారుగా ఉన్నాడు. రాజుగారు స్నానం ఎక్కడ చేసేవారన్నాడు. రాణిగారికి కోపమొస్తే ఏ గదిలోకి వెళ్లి తలుపేసుకునేవారన్నాడు. గోడకి నాలిక ఆనించి చూసి, ఇది ఉప్పగా ఉందెందుకన్నాడు.

సరిగ్గా అప్పుడే అవతలి స్తంభం పక్కనుంచి సూటు వేసుకున్న మనిషొకడు హుందాగా నడిచొస్తూ కనిపించాడు.

ఆఫీసరే. సందేహం లేదు. ఈయన్ని పక్కన పెట్టుకుని ఆయనతో ఏం మాట్లాడగలదు?

"చెప్పండి టీచర్, గోడ ఉప్పగా ఎందుకుంది?"

"నోర్ముయ్" అంది ఆవిడ. ఏళ్ల తరబడి అలవాటైన గొంతు, తనంతట తనే వచ్చేసింది. "నోటి మీద వేలు. వెళ్లి ఆ గోడ దగ్గర నిలబడు. నేను చెప్పేదాకా కదలకు."

పెద్దాయన ఒక్క క్షణం ఆవిడ ముఖంలోకి చూశాడు. తర్వాత మారుమాట లేకుండా వెళ్లి నిలబడ్డాడు.

ఆవిడ పరుగున సూటాయన ముందు వాలి, గంట సంగతికి క్షమాపణ దగ్గర్నుంచి కోట చరిత్రదాకా ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పింది. ఆయన మర్యాదగా అంతా విని, తన పెళ్లి ఫొటోలకి ఈ చోటు బాగుంటుందేమో చూద్దామని వచ్చానన్నాడు.

సిగ్గుతో ముఖం ఎర్రబడి ఆవిడ ఆఫీసులోకి వచ్చిపడింది. సారు కనిపించనేలేదు, పోయినేటి కోపం ఇంకా పోలేదేమో అంది.

"కోపమా?" గుమాస్తా నవ్వాడు. "గేటు మూయించింది పైవాళ్లు మేడం. సారైతే గంట సంగతి విని పడిపడి నవ్వారు. పిల్లలన్నాక మోగించరా అన్నారు. ఆయన చూసేదల్లా ఒక్కటే. పిల్లాడు ఏదైనా అడిగితే టీచర్ జవాబు వెతుకుతారా, నోరు మూయిస్తారా అని. అందుకే వచ్చిన ప్రతి టీచర్ వెనకా తనే ఓ పిల్లాడైపోయి..."

గుమాస్తా చూపు కిటికీలోంచి ముంగిట్లోకి వెళ్లి అక్కడే ఆగింది.

"అదేంటి మేడం, మా సారు నోటి మీద వేలేసుకుని ఆ గోడ దగ్గర నిలబడ్డారు?"