కోడలి ముక్కు

కోడలి ముక్కు మీద అత్తగారికి మొదట్నుంచీ సదభిప్రాయం లేదు.

"కళ్లజోడు ఆనించుకోవడానికి తప్ప ఆ ముక్కు ఇంకెందుకూ పనికిరాదు" అనేది, వచ్చినవాళ్లందరి ముందూ.

అనదూ మరి! ఊరి చివర ఆవిడ నడిపేది మామూలు నర్సరీ కాదు. ఎండకీ చలికీ లొంగని మొండి జాతులు, అమ్మమ్మల కాలం నాటి పూలు, ఆకులు తప్ప అక్కడ ఇంకేవీ పెరగవు. రోడ్డుకి అవతల మెరిసే బోర్డు పెట్టి, పళ్లెమంత పూలు అమ్ముకునే కొత్త నర్సరీ పేరెత్తితే చాలు, ఆవిడ మూతి తిప్పేసేది.

"అవీ పూలేనా? ప్లాస్టిక్‌వి కొనుక్కుంటే నీళ్లైనా మిగులుతాయి."

కొనడానికి వచ్చేవాళ్లకీ మినహాయింపు లేదు. "బాల్కనీలో పెంచుతారా? కుక్కపిల్లని పెంచుకోండి, కనీసం అరిచి అన్నం అడుగుతుంది" అని ఓ పెద్దమనిషిని వెనక్కి పంపేసింది. అయినా జనం వచ్చేవారు. తిట్లు తిని మరీ కొనుక్కుపోయేవారు.

ఆవిడ ప్రాణమంతా నిమ్మవాసన సబ్జా మీదే. వాళ్లమ్మ చేతి విత్తనం అది. ఆకు నలిపితే అప్పుడే నిమ్మకాయ కోసినట్టుండాలి. మామూలు సబ్జా పుప్పొడి ఎక్కడి నుంచైనా వచ్చి కలిసిందంటే వాసన మారిపోతుంది. చూడ్డానికి మాత్రం రెండూ ఒకటే. అందుకని పూత విచ్చకముందే ప్రతి మొక్క ఆకూ నలిపి చూసి, తేడా ఉన్నదాన్ని పీకి పారెయ్యాలి. ఒక్కటి మిగిలినా తేనెటీగలు మడంతా కలిపేస్తాయి. ఇక ఆ జాతి పోయినట్టే. అసలే డబ్బాలో దాచిన పాత విత్తనం ఎలకల పాలైంది. మిగిలింది ఈ ఒక్క మడే.

కోడలు వచ్చిన కొత్తలో ఆ పిల్లని మడి గట్టు కూడా తొక్కనిచ్చేది కాదు. తరవాత ఏమనుకుందో ఏమో, వెంటేసుకుని తిప్పడం మొదలుపెట్టింది. పని నేర్పుతోంది కాబోలు అనుకున్నారు అందరూ. నేర్పడమా అది? పరీక్ష!

"ఏం వాసన?"

"నిమ్మవాసన, అత్తయ్యా."

అత్తగారు అదే ఆకు ముక్కుకి ఆనించుకుని, కళ్లు మూసుకుని, "ఊఁ. పొరపాటున సరిగ్గా చెప్పావు" అనేది. "మరి ఇది?"

"లవంగంలా ఉంది. ఇది మనది కాదు."

"ఆ మాత్రం ఎవరైనా చెబుతారు" అంటూ మొక్కని వేళ్లతో సహా పీకేది.

ఓసారి ఒక టీచరమ్మ పుదీనా కుండీ పట్టుకుని, ఇది నిజంగా పాత రకమేనా అని అడిగింది. అత్తగారు ఇంతెత్తున లేచింది. "నన్నే అడుగుతారా? మా మొద్దు కోడలు కూడా చెబుతుంది. ఏమే, ఇలా రా! వాసన చూసి చెప్పు." కోడలు చెప్పింది. టీచరమ్మ అత్తగారిని పొగుడుతూ కుండీ కొనుక్కుపోయింది.

ఇంట్లోనూ అంతే. ఓ పొద్దున ఆవిడ వంటింటి గుమ్మంలో కూర్చుని మొక్కల పేర్లు రాసుకుంటోంది. తోట చివర్నుంచి కోడలు పరిగెత్తుకొచ్చింది.

"పాలు మాడిపోతున్నాయి అత్తయ్యా! మీరు ఇక్కడే ఉన్నారుగా?"

"నీ పాలకి నేను కాపలానా? స్టవ్ మీద గిన్నె పెట్టి షికార్లు కొట్టేది నువ్వు!"

ఎంతకని పడుతుంది? ఒకరోజు సబ్జా మడి సగం అయ్యేసరికి కోడలు లేచి నిలబడింది.

"అవతలి నర్సరీవాళ్లు నన్ను పనిలోకి రమ్మంటున్నారు అత్తయ్యా. ఇన్నాళ్లలో నేను ఒక్కసారైనా తప్పు చెప్పానా? నా అవసరం ఉందని ఒక్క మాట అనండి. ఎక్కడికీ పోను."

కుండీలు మోస్తున్న కొడుకు ఆగిపోయాడు. "ఒక్క మాటేగా, అనరాదూ అమ్మా!"

అత్తగారి పెదవి కదిలింది. మాట గొంతు దాకా వచ్చినట్టే ఉంది. కానీ ఆ పిల్ల అలా తలెత్తి సూటిగా చూస్తుంటే ఆవిడకి ఒళ్లు మండింది.

"నీ అవసరమా? నాకా? నువ్వు పుట్టకముందు నుంచీ ఉన్నానే ఈ మడిలో! వెళ్లు తల్లీ, వెళ్లు. ఆ కంపు కూడా లేని పూల మధ్య నీ ముక్కుకి హాయిగా ఉంటుంది."

కోడలు ఏడవలేదు. కుళాయి కింద చేతులు కడుక్కుని, గేటు తీసుకుని రోడ్డు దాటింది.

"ఆ మిగతా సగం నువ్వే చూసుకో" అని కుండీ అక్కడే కింద పెట్టేసి కొడుకూ వెనకాలే పోయాడు.

"చూసుకోలేననుకున్నాడు వెధవ!" అంది పెద్దావిడ, వినేవాళ్లెవరూ లేకపోయినా.

మొగ్గలు రేపో మాపో విచ్చేలా ఉన్నాయి. పక్క మడి మీద అప్పుడే తేనెటీగలు తిరుగుతున్నాయి. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని ఒక ఆకు తుంచింది. నలిపి, కళ్లు మూసుకుని, గుండెల నిండా పీల్చింది. పక్క మొక్కది తుంచింది. ఆ పక్కదీ తుంచింది. చేతులు పచ్చబడ్డాయి గానీ ఒక్క మొక్కనీ పీకలేదు, ఒక్కదాన్నీ ఉంచాలనీ అనుకోలేకపోయింది.

కోడలు కాపురానికొచ్చిన మరుసటేడు పట్టిన జ్వరం తగ్గినప్పట్నుంచీ ఆవిడకి ఏ వాసనా తెలియదు.