ఊరికే ఇచ్చిన ఫ్లాపీ

ప్లీడరు అనంతపద్మనాభం గారింట్లో కంప్యూటరు దిగిన రోజున, సత్తెనపల్లిలో ఆ వీధి వీధంతా వచ్చి చూసిపోయింది.

ఎనభై తొమ్మిదిలో ఇంట్లో కంప్యూటరంటే మాటలా!

సరదాకి తెప్పించింది కాదు. ఆయన భార్య జ్ఞానప్రసూనాంబకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కాళ్లూ చేతులూ బిగుసుకుపోయాయి. కుడిచేతి చూపుడువేలు ఒక్కటి కదులుతుంది. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు.

“చెప్పదల్చుకుంది టైపు చేసి చూపించొచ్చండీ,” అన్నాడు గుంటూరులో కంప్యూటర్ల షాపు పెట్టిన రాధాకృష్ణమూర్తి. “ప్రోగ్రాములు కొనేవీ ఉంటాయి, ఊరికే దొరికేవీ ఉంటాయి. ఊరికే దొరికేవాటిలోనూ మంచివున్నాయి. ముందు అమ్మగారికి ఏది వీలుగా ఉంటుందో చూసి...”

“మా ఇంట్లో ఊరికే వచ్చిన వస్తువు ఒక్కటి చూపించు. అన్నిట్లోకీ ఖరీదైంది పంపించు, అంతే.”

అందమైన అట్టపెట్టె వచ్చింది. లావుపాటి పుస్తకం, ఫ్లాపీలు వచ్చాయి. అంతా ఇంగ్లీషే. రెండేసి మీటలు కలిపి నొక్కితేగాని ఏదీ కదలదు.

జ్ఞానప్రసూనాంబ వేలు మీటల మీద జారిపోయేది.

“ఇంత పోసి కొన్నది నీకోసం కాదూ? ప్రయత్నమైనా చెయ్యవేం?” అని విసుక్కునేవాడాయన.

ఆమె చూపు గోడవైపు తిప్పుకునేది.

మిరపకాయల లారీలు వీధిలో బారులు తీరిన ఒక మధ్యాహ్నం, ఒకమ్మాయి వరండా మెట్లెక్కింది. నూలు చీర, దుమ్ముకొట్టుకుపోయిన చెప్పులు, చేతిలో కాగితం చుట్టిన ఫ్లాపీ.

“ఎవరమ్మా నువ్వు?” అని అడిగాడు అనంతపద్మనాభం.

“నా పేరు ఖు... ఖుర్షిదా అండి. అమ్మగారి కోసం ప్రో... ప్రోగ్రాము తెచ్చానండి.”

ఒక్కో మాటకీ మెడనరాలు ఉబ్బుతున్నాయి.

“ఎంతేమిటి?”

“డ... డబ్బులొద్దండి. నేనే రాశాను. తెలుగులోనే. ఒ... ఒక్క వేలు చాలండి.”

“ఎవరు పంపారు నిన్ను?”

“ఎవరూ కాదండి. షా... షాపులో విన్నాను. అమ్మగారు న... నన్ను...”

“చాల్చాల్లే. తిన్నగా నాలుగు ముక్కలు మాట్లాడటం చేతకాదు, మా ఆవిడకి మాటలు తెప్పిస్తావా?”

కేసుల పనిమీద వచ్చి వరండాలో కూర్చున్న పార్టీలంతా గొల్లుమన్నారు. వాళ్ల నవ్వు చూసి ఆయనకు ఇంకా హుషారొచ్చింది.

“ముందు ఆ ప్రోగ్రాము నువ్వు వేసుకో. నత్తి పోయాక రా.”

అమ్మాయి కదల్లేదు. తెరిచున్న తలుపులోంచి లోపలి మంచం వైపే చూస్తోంది.

అప్పుడు జ్ఞానప్రసూనాంబ గొంతులోంచి అరుపు వచ్చింది. ఎన్నడూ లేనంత గట్టిగా. కళ్లు ధారలు కడుతున్నాయి. వేలు మంచంపట్టెను టకటకా కొడుతోంది.

“చూశావా, నిన్ను చూసి ఎలా జడుసుకుంటోందో! పో ఇక్కణ్ణించి!”

ఆయన తలుపు లాగి మూసేశాడు.

అమ్మాయి ఫ్లాపీని వరండా పిట్టగోడ మీద పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయింది. పనిమనిషి మాణిక్యమ్మ దాన్ని తీసి అలమారలో పడేసింది.

ఆ రోజు నుంచి జ్ఞానప్రసూనాంబ వేలెత్తమన్నా ఎత్తలేదు.

చలికాలంలో పోయింది. పోయే ముందు రోజంతా గొంతులో ఒకటే శబ్దం. కాఫీ పట్టారు. పక్క మార్చారు. కిటికీ తెరిచారు, మూశారు. ఏం చేసినా మళ్లీ అదే శబ్దం. ఆమెకు కావలసిందేమిటో ఎవరికీ అంతుపట్టలేదు.

కర్మలన్నీ అయ్యాక, కంప్యూటరు వెనక్కి తీసుకుపోవడానికి రాధాకృష్ణమూర్తి వచ్చాడు. పనిచేస్తోందో లేదో చూద్దామని అలమారలో చేతికందిన ఫ్లాపీ వేశాడు.

తెర మీద తెలుగు అక్షరాలు వరసలు కట్టి నిలబడ్డాయి. ఒక వెలుగు ఒక్కో అక్షరం మీదా కాసేపు ఆగి, పక్కదాని మీదికి పోతోంది.

“భలే ఉందండీ! కావలసిన అక్షరం మీదికి వెలుగు రాగానే ఏ మీట తాకినా చాలు. ఇదుండగా ఆ ఇంగ్లీషుది ఎందుకు వాడించారు?”

అనంతపద్మనాభం కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు. ఒక్క వేలు చాపాడు. వెలుగు వచ్చేదాకా ఆగి తాకాడు. మళ్లీ ఆగి, మళ్లీ తాకాడు.

తెర మీద ‘నీళ్లు’ అన్న మాట కూడింది.

ఆవేళ ఆమె అడిగింది అదేనేమో. కాదేమో.

“ఖుర్షిదా అని రాసుందే! మా షాపుకి వస్తుంటుందండీ. ప్రత్తిపాడు అమ్మాయి,” అన్నాడు రాధాకృష్ణమూర్తి, ఫ్లాపీ బయటికి తీసి చూస్తూ.

మర్నాడే అనంతపద్మనాభం ప్రత్తిపాడు బస్సెక్కాడు.

ఆయన్ని చూడగానే ఖుర్షిదా తలుపు పట్టుకుని నిలబడిపోయింది. వాళ్లమ్మ జహీరున్నీసా మాత్రం, ఆయన ఊరూ పేరూ చెప్పగానే గబగబా కుర్చీ వేసింది.

“సత్తెనపల్లి నుంచా? టీచరమ్మగారి ఇంటాయన గదూ? కూర్చోండి బాబూ.”

“టీచరేమిటి? ఆవిడ చేత ఉద్యోగం మాన్పించి ఎన్నేళ్లో అయింది.”

“మీరు మాన్పించకముందు మా ఊరి బళ్లోనే గదండీ చెప్పింది. ఎట్లా ఉందండీ ఆ తల్లి? ఆమధ్య మా అమ్మాయిని గుర్తుపట్టి ఏడ్చిందంట గదా!”

ఆయన ఖుర్షిదా వైపు తిరిగి చూశాడు.

జహీరున్నీసా తనే అందుకుంది. “ఏడేళ్లొచ్చినా దీని నోట మాట రాకపోతే మూగదని అందరూ వదిలేశారండీ. పలక నిండా అక్షరాలు రాసి, ఒక్కోదాని మీదా వేలుపెట్టి, ఇది తలూపేదాకా ఓపిగ్గా ఆగి, అట్టా మాటలు కూర్చి దీని నోరు తెరిపించింది మీ ఇంటావిడే బాబూ.”