పొడుగు చేతుల చొక్కా

గైడ్స్ క్యాంపులో ఆ పూట కట్లు కట్టడం నేర్పుతున్నారు. ఎంత ఎండలోనూ పొడుగు చేతుల చొక్కాతోనే తిరిగే పిల్లను దెబ్బ తగిలిన మనిషిగా కూర్చోబెట్టారు. ఆ పిల్ల చొక్కా చెయ్యి మడవనంది.

"ఎవరి పేరు రాసుకున్నావే చేతిమీద?" అంటూ గుడారంలోని జట్టు ఆట పట్టించింది. ఇద్దరు నవ్వుతూ పట్టుకున్నారు. మూడో పిల్ల చొక్కా చెయ్యి పైకి లాగేసింది.

మణికట్టు నుంచి మోచేతి దాకా ఇస్త్రీపెట్టె వాతలు. నవ్వులు ఆగిపోయాయి. లాగిన పిల్ల గబగబా చొక్కా చెయ్యి కిందికి దించేసింది.

"ఎవరు చేశారు తల్లీ?" అని టీచరు పక్కన కూర్చుని అడిగింది. ఆ పిల్ల చొక్కా చేతి గుండీ పెట్టుకుంది.

"సరే, మీ అమ్మకి ఫోన్ చేస్తానుండు."

ఆ పిల్ల టీచరు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మకి చెయ్యొద్దు టీచర్! నేను చెప్పేశాననుకుంటుంది. ఇంట్లో తమ్ముడొక్కడే ఉన్నాడు."