సముద్రం దాటే కాయలు

గుజ్జు ఫ్యాక్టరీలు కొనడం ఆపేసి వారమైంది. మా తోతాపురి మామిడి కాయలు చెట్టు మీదే పండి రాలిపోతున్నాయి. అలాంటప్పుడు జయచంద్ర అనే వ్యాపారి చిత్తూరు నుంచి బండి మీద మా తోటకు వచ్చాడు. ధర ఊసే ఎత్తలేదు. ధర ఎత్తని వ్యాపారిని నేను నమ్మను.

"అవ్వా, మందు ఎన్నిసార్లు కొట్టినారు?"

కొట్టలేదంటే పురుగుందని ధర కోస్తాడు. నాకా తెలియనిది!

"నాలుగుసార్లు. మొన్న కూడా కొట్టించినాం."

"నిజంగానా?"

"అబద్ధం చెప్పేదానికి నువ్వేమన్నా నా వియ్యంకుడివా?"

అతను చేతిలోని లెక్కల పుస్తకం మూసేశాడు. "అయితే వద్దులే అవ్వా. ఇది జర్మనీకి పోయే సరుకు. మందు తగిలుంటే ఓడరేవులోనే తిప్పి పంపేస్తారు."

కిందటేడు కాయను అడిగే దిక్కు లేకపోయిందని, ఈ యేడు మేము మందు డబ్బా మూత కూడా తీయలేదు.

"నిలబడప్పా! పురుగు వంక పెడతావని అబద్ధం చెప్పినా. ఒక్కసారి కూడా కొట్టలేదు!"

జయచంద్ర నవ్వి బండి స్టార్ట్ చేశాడు.

"పొద్దున్నుంచి ఇది ఏడో తోట అవ్వా. నేను జర్మనీ మాట ఎత్తినాక, మందు కొట్టినోళ్లు ఒక్కరూ మిగల్లేదు."