బెంగళూరుకు రెండు గంటలు

“శ్రీరాములూ, కత్తి నూరు! కురుమూర్తి ఊర్ల అడుగుపెట్టంగనే సగం మీసం నేల మీద పడాలె!” గద్వాల నడివీధిలో నిలబడి రంగుల దుకాణం హైదర్ అరిచాడు. క్షౌరం పెట్టె చంకన పెట్టుకొచ్చిన శ్రీరాములు అప్పటికే కురుమూర్తి ఇంటి అరుగు మీద సర్దుకున్నాడు. వీధి వీధంతా అక్కడే ఉంది.

హైదరాబాదు నుంచి బెంగళూరుకు విమానం కొత్తగా నడుస్తున్న రోజులవి. పట్టు వ్యాపారి కురుమూర్తి నోరు ఊరికే ఉండదు కదా! “ఈసారి పట్టు కొననీకె విమానంల పోత. పోకుంటే సగం మీసం గీకిస్త” అని బజారులో తొడగొట్టాడు. “పిరికోడివి, నువ్వు పోతే నా మీసం గీకిస్త” అన్నాడు హైదర్. కురుమూర్తి మొన్ననే హైదరాబాదు రైలెక్కాడు. ఇవాళ పొద్దున ఆ విమానం గద్వాల మీదుగానే పోవాలి; కిటికీలోంచి చెయ్యి ఊపుతానని చెప్పి మరీ పోయాడు.

“బెంగళూరు దక్షిణాన ఉంటే ఉత్తరానికి పోవుడేంది, మళ్ల సొంతింటి మీదికెల్లి ఎగురుడేంది? ఈడనే బెంగళూరు దిక్కు రైలెక్కితే అయిపోతుండె గద!” హైదర్ పకపకా నవ్వాడు.

కురుమూర్తి భార్య తిరుపతమ్మ గడప దగ్గర నుంచి కదల్లేదు. “రైలుకు ఒక రాత్రి, ఒక పగలు. విమానానికి రెండే గంటలు. దాంట్ల గద్వాలదాకా ఎంతసేపు? నువ్వు చాయ్ తాగి బీడీ కాల్చేలోపల వస్తది. జర ఓపిక పట్టు తమ్మీ.”

“చాయ్ అయింది, బీడీ అయింది. ఏదక్కా విమానం?”

“ఇంకో బీడీ ముట్టియ్యి.”

మాట గట్టిగానే ఉంది గానీ ఆమె చూపు ఉత్తరం దిక్కు నుంచి కదలడం లేదు. సగం మీసంతో మొగుడు రేపు బజారులో ఏ ముఖం పెట్టుకొని తిరుగుతాడు?

రెండో బీడీ సగంలో ఉండగా ఉత్తరం నుంచి మోత వినిపించింది. తిరుపతమ్మ మిద్దె మీదికి పరుగెత్తి, ఆరేసిన ఎర్రంచు చీర తీసి రెపరెపలాడించింది. విమానం కోట మీదుగా వచ్చి నెత్తి మీద నుంచి దాటిపోయింది.

“అగో, చెయ్యి ఊపిండు! చూసిన్రా?”

“చూసిన బిడ్డా! మీసం గూడ కనబడ్డది” అంది ఎదురింటి ముసలి భాగ్యమ్మ. ఆమెకు గుమ్మంలో నిలబడ్డ మనిషే ఆనడు. అయినా ఆ మాటతో అందరికీ మీసం కనబడిపోయింది. “నేను గూడ చూసిన” అంటే “నేను గూడ” అన్నారు.

హైదర్ బీడీ పారేసి వచ్చి శ్రీరాములు ముందు గొంతుకూర్చున్నాడు.

తిరుపతమ్మ గబగబా దిగొచ్చి కత్తికి చెయ్యి అడ్డం పెట్టింది. “వద్దు తమ్మీ. నీ మీసం నీకే ఉండనీ. ఇగ మా ఆయనను పిరికోడు అనకు, గంతే సాలు.”

“ఎంత పెద్ద మనసక్కా నీది!” హైదర్ కళ్లు చెమర్చాయి. ఆమెను మెచ్చుకుంటూ అందరూ ఎవరి మగ్గాల దగ్గరికి వాళ్లు పోయారు.

తిరుపతమ్మ తలుపు గడియ పెట్టి, వెనక గదిలోకి పోయి పట్టు మూటలు పక్కకు జరిపింది. వాటి వెనక మోకాళ్లు ముడుచుకొని కురుమూర్తి! బేగంపేటలో విమానాన్ని దగ్గర నుంచి చూసి జడుసుకొని, రాత్రి రైలుకే తిరిగొచ్చేశాడు మహానుభావుడు.

“ఏమే, పోయిందా?”

“పోయింది.”

“పానం నిమ్మలమైంది. ఆకలైతుంది, ఇగ బయటికొస్త.”

“కూసోవయ్యా కూసో! ఇంకా బెంగళూరు రాలే.”