వెడల్పు దువ్వెన

మెర్వ్ ఆ ఇనుప దువ్వెనను బల్ల మీద పడేశాడు.

“చూడు తామతీ. ఎవరిది ఇది?”

తామతి దాన్ని ముట్టుకోలేదు. గొర్రెల ఉన్ని కత్తిరించే మిషనుకు ముందు బిగించే దువ్వెన అది. ఇక్కడ వాడే దానికంటే వేలెడు వెడల్పు. తామతి పుట్టిన న్యూజిలాండ్‌లో అందరూ దాంతోనే పని నేర్చుకుంటారు. ఆస్ట్రేలియాలో యూనియన్ దాన్ని షెడ్డులోకి రానివ్వదు. అది వస్తే సగం మందితో పని అయిపోతుందని, కూలి పడిపోతుందని ఈ 1983లో సమ్మె కట్టింది. ఇది ఆరో వారం.

“షెడ్డు వెనక చెత్తలో దొరికింది. లోపల నలుగురు సమ్మెను కాదని పనిచేస్తున్నారు. మీవాళ్లే,” అన్నాడు మెర్వ్. సమ్మె శిబిరంలో యూనియన్ ప్రతినిధి అతనే.

“మావాళ్లేనని ఎలా చెప్తావ్?”

“హైమోనాని చూసినవాళ్లున్నారు.”

హైమోనా తామతికి పిన్ని కొడుకు.

“వీసా అక్కర్లేదు, పర్మిట్ అక్కర్లేదు. విమానం దిగడం, మా పొట్ట కొట్టడం,” అన్నాడు లెస్, టీ మగ్గు కింద పెట్టి.

“నేనూ అలాగే దిగాను లెస్. ఆరేళ్లుగా నీ పక్కనే నడుం వంచుతున్నాను.”

“నువ్వు వేరే అనుకున్నాన్రా. మొన్నటిదాకా.”

మెర్వ్ చెయ్యెత్తాడు. “వీణ్ని వదిలెయ్ లెస్. కమిటీలో వీడి తరఫున రోజూ గొంతు చించుకుంటున్నది నేను. కానీ తామతీ, శుక్రవారం లోపల నీ తమ్ముణ్ని బయటికి లాక్కురా. లేకపోతే నీ యూనియన్ కార్డు చింపేస్తారు. నేను ఆపలేను.”

కార్డు లేనివాణ్ని ఈ చుట్టుపక్కల ఏ షెడ్డూ రానివ్వదు. భార్యనీ, ఇక్కడి బడిలో చదువుతున్న ఇద్దరు పిల్లలనీ తీసుకుని సొంత ఊరు టె కుయిటికి తిరిగి వెళ్లిపోవాలి.

“నా కోసం నువ్వు మాట పడుతున్నావు మెర్వ్. నాకు తెలుసు.”

“అదేం లేదులే.” మెర్వ్ నడుం పట్టుకుని లేచాడు. “పొద్దస్తమానం ఆ కమిటీ కుర్చీలో కూర్చోలేక చస్తున్నాను.”

అతను రోజూ పొద్దున ఆరింటికే కమిటీ పనంటూ బండి తీసుకుని ఊళ్లోకి వెళ్లేవాడు. చీకటి పడ్డాక వచ్చేవాడు. మిగతావాళ్లు గొర్రెల ఫారం గేటు దగ్గర పోలీసు కారుకు ఎదురుగా కూర్చునేవారు. షెడ్డు మిట్ట అవతల ఉంది. ఇంజను చప్పుడు వినిపించేది కానీ మనుషులు కనిపించేవారు కాదు.

బుధవారం తామతి పోస్టాఫీసు నుంచి పిన్నికి ఫోన్ చేశాడు.

“వాడు పెర్త్ అవతల ఎక్కడో ఉన్నాడ్రా. మీ వైపే రాలేదు,” అంది పిన్ని.

“నీకలా చెప్పాడు.”

“నా కొడుకు నాతో అబద్ధమాడడు. నిన్ను చూసి పని నేర్చుకున్నవాడు, నీ నోటి దగ్గర కూడు లాక్కుంటాడా?”

“మావాళ్లు కళ్లారా చూశారు పిన్నీ.”



“మావాళ్లంటే ఎవర్రా?”

తామతి రిసీవరును రెండో చెవికి మార్చుకున్నాడు. “వాడితో చెప్పు. నాకిక తమ్ముడు లేడు. వాడి పెళ్లికి నేను రాను. నా పేరు వాడి నోట రాకూడదు.”

“అంత మాట అనకురా. తర్వాత వెనక్కి తీసుకోలేవు.”

తామతి ఫోన్ పెట్టేశాడు.

గురువారం పొద్దున మెర్వ్ బండి వెళ్లిపోయాక, గేటు దగ్గరికి పోకుండా ఎండిపోయిన వాగు వెంట నడిచాడు. మూడు కిలోమీటర్లు. కొట్టకూడదు అనుకున్నాడు. కాలరు పట్టుకుని, అందరి ముందు నుంచి నడిపించుకుంటూ తీసుకెళ్లాలి. లెస్ చూడాలి. మెర్వ్‌కు తలవంపులు తప్పాలి.

షెడ్డు చేరేసరికి ఎనిమిది కావస్తోంది. గొర్రెలను బయటికి వదిలే తలుపులోంచి వంగి లోపలికి దూరాడు. నలుగురూ అటు తిరిగి పనిలో ఉన్నారు. మొదటి మిషను దగ్గర ఉన్నవాడు హైమోనా అంత పొడుగు. ఉన్ని టోపీ చెవుల దాకా లాక్కున్నాడు.

“హైమోనా!”

మిషన్ల మోతలో ఎవరికీ వినిపించలేదు. తామతి వెళ్లి మొదటి మిషను తాడు లాగాడు. అది ఆగింది.

“చాలు. లేవరా,” అన్నాడు. “నీ మూలంగా ఒక మంచివాడు మాట పడుతున్నాడు.”

మోకాళ్ల మధ్య నుంచి గొర్రె జారిపోయింది.

తలెత్తినవాడు మెర్వ్.